ఉద్యోగపర్వమే మిగిలిన వ్యోమయాత్ర

టీవీ ధారావాహికలనూ చలనచిత్రాలనూ ఆధారం చేసుకొని, వాటి హక్కుదారుల అనుమతితో వ్రాసే నవలలను ఇంగ్లీషులో టై-ఇన్ నవలలంటారు. నేనిక్కడ అనుబంధ నవలలంటాను. వీటిలో చాలా పెద్ద కుటుంబం స్టార్ ట్రెక్‌ది. 1966 సెప్టెంబరులో అమెరికాలో ప్రసారమారంభించిన ఆ ధారావాహిక చేసిన ప్రతిజ్ఞ, మునుపెవ్వరూ చూడని లోకాలను చూచి వస్తామని. 2001 మొదలు 2021 దాకా, ఒకదాని కథను మరొకటి అందుకుంటూ వచ్చిన దాని నవలలను వరుసగా చదువుకుంటూ పోతే, ఆ ప్రతిజ్ఞ నానాటికీ సన్నగిల్లిందని నాకు తోచింది. దాని స్థానంలో సంధి విగ్రహాలు, రాయబారాలు, కూటములు, అధ్యక్షుల హత్యలు వచ్చి పీటలు వేసుకొని కూర్చున్నాయి. అరణ్యపర్వం కోసం భారతం తెరచినవాడికి ప్రతిసారీ ఉద్యోగపర్వమే ఎదురైనట్లుంది వ్యవహారం.

తెలుగు పండితుడికి ఈ పుస్తకాలతో పనేమిటని మిత్రులు కొందరికి సందేహం కలుగవచ్చు. మనుచరిత్ర పాఠం చెప్పినవాడికి వీటితో పని లేకపోతేనే ఆశ్చర్యపడాలి. ఇంటికి వచ్చిన యాత్రికులను కూర్చోబెట్టుకొని దేశదేశాల విశేషాలు అడిగి తెలుసుకొనే గృహస్థు ప్రవరుడు. సిద్ధుడిచ్చిన పాదలేపంతో హిమాలయానికి పోయినప్పుడు ఆయనకు రాజకార్యమేదీ లేదు. చూడాలనిపించింది, పోయాడు. మంచుకు లేపం కరిగిపోయింది, తిరిగి వచ్చే దారి మూసుకుపోయింది, కథ మొదలైంది. ఆ కావ్యం పుట్టింది రాయల కొలువులో. దిగ్విజయ ప్రశంసకు అందులో లోటేమీ లేదు. అయినా పెద్దన దానిని అవతారికలోనూ ఆశ్వాసాల ఆద్యంతాలలోనూ ఉంచాడు గాని, ప్రవరుడు నడిచే దారికి అడ్డం తేలేదు.

ఇక టైటన్ సంగతి. 2002 చివరలో విడుదలైన నెమెసిస్ చిత్రంలో విలియం రైకర్ అనే పాత్రకు ఆ పేరు గల నౌక కెప్టెన్ పదవి లభించింది. 2005లో ఆ నౌక పేరిట ఒక నవలల వరుస మొదలుపెట్టారు. యుద్ధాలు ముగిశాయి కనుక మళ్లీ అన్వేషణకు పోదామనేది సంకల్పం. నౌకలో మనుషులు కొద్దిమందే. వైద్యుడు డైనోసారును పోలిన జీవి. నౌక నడిపే ఉద్యోగినులలో ఒకామె జలచరి. ఒంటికి నీటి తొడుగు లేనిదే గాలిలో మసలలేదు. ఇంత సంభారం సమకూర్చుకొని బయలుదేరిన నౌక, మైఖేల్ మార్టిన్, ఆండీ మాంగెల్స్ కలిసి వ్రాసిన తొలి నవల టేకింగ్ వింగ్‌లో ఎక్కడికి పోయిందనుకున్నారు? రొములస్‌కు. అంటే 1966 నుంచి ప్రేక్షకులకు పరిచయమున్న పాత శత్రువుల రాజధానికి. అక్కడ పాలకులు హతులయ్యారు. వర్గాలు కత్తులు నూరుతున్నాయి. వాళ్ల మధ్య రాజీ కుదిర్చి గాని ముందుకు కదలరాదని పై అధికారుల ఆజ్ఞ. పెళ్లికి తరలిన బండిని పంచాయతీ తీర్పుకు మళ్లించినట్లుంది.

ఇలా ఎందుకు జరిగిందో ఊహించడం కష్టం కాదు. ధారావాహిక నడుస్తున్నంత కాలం నవలాకారుడి చేతులు కట్టివేసి ఉంటాయి. కథ ముగిసేసరికి ప్రతి పాత్రనూ ఎక్కడ తీసుకున్నాడో అక్కడే పెట్టాలి. 2005 మే నెలలో ఎంటర్‌ప్రైజ్ ధారావాహిక ఆగిపోయింది. 2017 దాకా టీవీలో కొత్తది రాలేదు. 2009లో మొదలైన చిత్రాలేమో వేరే కాలరేఖను పట్టుకొని పోయాయి. దానితో నవలాకారులకు అపూర్వమైన స్వేచ్ఛ దొరికింది. పాత్రలకు పెళ్లిళ్లు చేయవచ్చు, చంపవచ్చు, ప్రభుత్వాలను కూల్చవచ్చు. స్వేచ్ఛ దొరికినవాడు దానిని నలుగురికీ కనిపించేటట్లు వాడుకోవాలనుకోవడం సహజం. కొత్త లోకాన్ని కల్పించాలంటే దాని ఆకాశం, నీరు, జీవులు, వాటి మాట, అన్నీ మొదటి నుంచి కట్టుకోవాలి. పుస్తకం ముగియగానే నౌక దానిని వదలి పోతుంది. తెలిసిన సామ్రాజ్యంలో తగవు పెడితే మాత్రం పది పుస్తకాల దాకా వస్తుంది, పాఠకుడూ వెంట వస్తాడు.

2008లో డేవిడ్ మాక్ వ్రాసిన డెస్టినీ నవలాత్రయంలో బోర్గ్ దండయాత్ర కోట్లకు కోట్ల ప్రాణాలను బలిగొన్నది. ఆ బూడిదలోంచి 2009లో ఆరు జాతుల టైఫాన్ కూటమి పుట్టింది. 2013లో వచ్చిన ది ఫాల్ అనే అయిదు పుస్తకాల వరుసలో సమాఖ్య అధ్యక్షురాలి హత్య, తాత్కాలిక అధ్యక్షుడి కుట్ర. మళ్లీ నక్షత్రాల మధ్యకు పోదామని నడుమ నడుమ పాత్రలే అనుకుంటూ ఉంటాయి. చదివే మనకు వాటి మీద జాలి కలుగుతుంది.

రాజకీయ కథ తక్కువదని నా వాదం కాదు. డయాన్ డ్యుయేన్ 1983లో ది వూండెడ్ స్కై వ్రాసింది. అందులో గాజుతో చేసినట్లుండే సాలీడు ఒక భౌతిక శాస్త్రవేత్త. ఆమె కల్పించిన యంత్రంతో నౌక మన నక్షత్రమండలాన్నే దాటి పోతుంది. ఆ మరుసటి ఏడు, 1984లో, అదే రచయిత్రి మై ఎనిమీ, మై ఆలై అనే నవలలో రొములన్ల రాజకీయాన్ని ఎత్తుకున్నది. అయితే ఆ జాతి తనను తాను ఏ పేరుతో పిలుచుకుంటుంది, వాళ్ల భాష ఎట్టిది, దేనిని పరువనుకుంటారు అని వెదకి, వాళ్లకొక సంస్కృతినే కల్పించింది. టీవీలో చూచిన శత్రువు ఆ నవలలో ఎన్నడూ చూడని మనిషిగా కనిపిస్తాడు. అది కూడా అన్వేషణే. ఊనా మెకార్మక్ 2013లో కార్డేసియా గురించి వ్రాసిన ది క్రిమ్సన్ షాడో కూడా నాకు నచ్చింది. ఓడిన దేశపు వీధులలో మనలను నడిపిస్తుందది.

నాకు కష్టం తోచింది ఆండోర్ విషయంలో. నీలి వర్ణపు ఆండోరియన్లలో లింగాలు నాలుగు. నలుగురు కలిస్తేనే వివాహం, సంతానం. 2001 తరువాతి నవలలు ఈ కల్పనను మొదట చాలా శ్రద్ధగా పట్టుకున్నాయి. సంతానం క్షీణించి జాతి అంతరించబోతున్నది. అట్టి సమాజంలో పుట్టిన యువకుడు వివాహధర్మం విడిచి ఆకాశయానం కోరుకోవచ్చునా అని ప్రశ్నించాయి. ఎంత గొప్ప ప్రశ్న! మన ఋణత్రయ భావన తెలిసినవాడికి, పితౄణమనే మాట విన్నవాడికి, గుండెకు తగిలే ప్రశ్న. తరువాత ఏమైంది? ఆ చిక్కును విప్పగల జన్యురహస్యాన్ని సమాఖ్య దాచిపెట్టిందని పొక్కింది. 2011లో పాత్స్ ఆఫ్ డిస్‌హార్మనీ ముగిసేసరికి ఆండోర్ సమాఖ్య నుంచి విడిపోయింది. 2013లో ఎ సెరిమనీ ఆఫ్ లాసెస్‌లో బషీర్ అనే వైద్యుడు ఆజ్ఞలను ధిక్కరించి మందు కనిపెడతాడు, దానిని చేర్చనీయకుండా నౌకలు ఆండోర్‌ను దిగ్బంధిస్తాయి. ఊపిరి బిగబట్టి చదివించే పుస్తకమే, కాదనను. అయినా నలుగురు దంపతులుండే ఇంట్లో బిడ్డ ఎవరిని ఏమని పిలుస్తుందనే కుతూహలం ఆ దిగ్బంధంలో ఎక్కడో చిక్కుకుపోయింది. లోకాన్నే పుట్టించగల కల్పన ఎన్నికల ఎత్తుగడకు పనిముట్టయింది.

దీనికి ప్రత్యుదాహరణ అదే టైటన్ వరుసలో ఉన్నది. క్రిస్టఫర్ బెన్నెట్ 2006లో వ్రాసిన ఓరియన్స్ హౌండ్స్. శూన్యంలోనే పుట్టి, శూన్యంలోనే ఈదే బ్రహ్మాండమైన జీవులు అందులో ఉన్నాయి. వాటిని వేటాడి, ఆ కళేబరాలనే నౌకలుగా చేసుకొని బ్రతికే జాతి ఒకటి. రైకర్ బృందానికి సహజంగానే వేటకు గురయ్యే జీవుల మీద దయ కలిగింది. వాటికి తప్పించుకొనే ఉపాయం అందింది. ఆ తరువాత గాని తెలియలేదు, ఆ వేటగాళ్లు అదుపులో పెట్టినవాటిలో లోకాలకు లోకాలనే నాశనం చేయగల భయంకర జీవులున్నాయని. దయతో చేసిన పని ప్రళయానికి తలుపు తీసింది. ఇక్కడా సభలున్నాయి, సంప్రదింపులున్నాయి, పొత్తులున్నాయి. అవన్నీ చూచినదానిలోంచి పుట్టినవి. కొత్త సంగతి తెలిసింది కనుక ఏమి చేయాలో ఆలోచించవలసి వచ్చింది.

అదే రచయిత 2009లో, డెస్టినీ సంహారకాండ ముగిసీ ముగియగానే, ఓవర్ ఎ టోరెంట్ సీ వ్రాశాడు. నేలే లేని సముద్రగోళం, దానిలో బుద్ధిజీవులైన జలచరాలు. నిప్పు ఎరుగవు, లోహం ఎరుగవు. వాటి విద్యలన్నీ ప్రాణులతోనే. ఆత్మీయులను పోగొట్టుకొని వచ్చిన సిబ్బంది ఆ నీటి మీద దుఃఖిస్తూ పనిచేస్తారు. యుద్ధం జరిగిందని ఆ నవల మరచిపోలేదు, దాని నీడలోనే నిలిచి కొత్తదానిని చూచింది.

2020లో పికార్డ్ అనే టీవీ ధారావాహిక వచ్చి, నవలలు కట్టుకున్న భవిష్యత్తుకు భిన్నమైన భవిష్యత్తును చూపింది. హక్కుదారులు తెరమీద చూపినదే ప్రమాణం. అందుచేత 2021లో కోడా అనే మూడు నవలలతో, ఆ కాలరేఖనే చెరిపివేసి, రచయితలు స్వయంగా ముగింపు పలికారు. ఇరవై ఏళ్ల సంధులు, కూటములు, పదవీ ప్రమాణాలు ఆ చెరుపులో పోయాయి. వాటిని గుర్తు పెట్టుకోవడానికి నేను ఒక నోటుపుస్తకంలో వంశవృక్షాల వంటివి గీసుకున్నాను. అవీ ఇక అక్కరలేదు.

చదవదలచిన మిత్రులు టైటన్‌లో మొదటి రెండు పుస్తకాలు దాటవేసి, మూడవదైన ఓరియన్స్ హౌండ్స్‌తోనే మొదలుపెట్టవచ్చు. కథ తెలియకపోవడమన్న ఇబ్బంది పెద్దగా రాదు. గాజు సాలీడు నవలకు అసలే పీఠిక అక్కరలేదు.