ఏడు మాత్రలూ, ఎలక్ట్రిక్ గిటారూ

“తెలుగు మాట రాక్ సంగీతంలో ఒదగదు” అన్న వాక్యాన్ని విశాఖపట్నంలో సొంతంగా బ్యాండ్లు కట్టుకున్న కుర్రవాళ్ళ నోట నాలుగైదేళ్ళుగా వింటున్నాను. ఒకరు చెప్పగా ఒకరు విని, అది వాళ్ళలో శాస్త్రవాక్యమై కూర్చున్నది. ఛందస్సు బోధించి జీతం పుచ్చుకున్నవాణ్ణి గనుక ఈ మాట విని ఊరుకోవడం నాకు సాధ్యం కాలేదు. ఇది నిజం కాదనీ, అందుకు ఆధారం మా విజయనగరంలోనే ఉన్నదనీ చెప్పడానికే ఈ టపా.

ఈ పుటకు వచ్చే మిత్రులు సాధారణంగా పద్యం కోసమో, వ్యాకరణ చర్చ కోసమో వస్తారు. అరవై దాటిన తెలుగు పండితుడికి ఈ గిటార్ల గోల ఎందుకని అడగబోయేవారికి ముందే విన్నవించుకుంటాను. నా దగ్గర పదో తరగతి చదివిన శిష్యుడొకడు ఇప్పుడు విశాఖలో ఉద్యోగం చేసుకుంటూ ఒక బృందంలో బేసు గిటారు వాయిస్తున్నాడు. వాడి పిలుపు మీద ఒకసారి వెళ్ళాను. తరవాత పిలవకుండానే వెళ్ళడం మొదలుపెట్టాను. విజయనగరం నుంచి సుమారు 60 కిలోమీటర్లు. రాత్రి తిరుగు ప్రయాణమే కష్టం. చెవుల్లో దూది పెట్టుకుంటాను, దాచవలసిన పని లేదు. కొత్త పాట విడుదలైతే వాడు ఫోనులో లంకె పంపుతాడు. నేను రెండు మూడుసార్లు విని, సాహిత్యం కాగితం మీద రాసుకుని, గణవిభజన చేసి మరీ అభిప్రాయం చెబుతాను. ఈ ప్రక్రియకు వాళ్ళు “మాస్టారి కరెక్షన్” అని పేరు పెట్టుకున్నారని వినికిడి.

“ఇండీ” అనే మాట కొత్తగా వింటున్నవారి కోసం ఒక్క వాక్యం. ఇండిపెండెంట్ అన్నదానికి కురచ రూపమిది. సినిమా నిర్మాతగాని పెద్ద రికార్డు కంపెనీగాని వెనుక లేకుండా తామే రాసి, తామే స్వరపరచి, తమ ఖర్చుతో తామే విడుదల చేసుకునే సంగీతం. నేను “స్వతంత్రగీతం” అంటున్నాను. ఇంతకన్న మంచి మాట ఎవరైనా సూచిస్తే సంతోషంగా స్వీకరిస్తాను.

కిందటిసారి విన్న కచేరీలో పదకొండు పాటలు పాడారు. అందులో సొంతవి రెండు. ఆ రెంటిలో ఒకటి ఇంగ్లీషు. ఒంటరి రహదారి, రైలు కూత, కురుస్తున్న మంచు. విశాఖ సముద్రతీరాన పుట్టి పెరిగిన పిల్లవాడి పాటలో మంచు ఎక్కడిది? మన్యంలో లంబసింగి దగ్గర పడుతుందనుకోండి, కాని ఆ పాటలో లంబసింగి లేదు. కచేరీ అయ్యాక ఇదే అడిగితే నా శిష్యుడు, “ఏటి చెయ్యమంటారు మాస్టారూ, తెలుగులో రాస్తే సినిమా పాటలాగో భజనలాగో అయిపోతంది. బీటులో కూకోదు” అన్నాడు.

కూర్చుంటుంది. ఎలాగో చూద్దాం.

రాక్ సంగీతంలో అధికభాగం నాలుగు దెబ్బల ఆవర్తం మీద నడుస్తుంది. ఒక్కొక్క దెబ్బను మళ్ళీ నాలుగు చేస్తే పదహారు. మన మధురగతి రగడలో పాదానికి నాలుగు చతుర్మాత్రా గణాలు, వెరసి పదహారు మాత్రలు. డ్రమ్ములవాడికి ఇంతకన్న అనువైన పాదం ఏ భాష ఇస్తుంది? ఇది సులభమైన సంగతి. అసలు విశేషం ఏడులో ఉన్నది.

పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండు బృందం 1973లో వెలువరించిన “ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్” ఆల్బంలో “మనీ” అనే పాట ఉంది. మన కుర్రవాళ్ళకు ఆ ఆల్బం దాదాపు వేదం. ఆ పాట నడిచేది ఏడు దెబ్బల ఆవర్తం మీద. మధ్యలో గిటారు ఏకాంతంగా విజృంభించే చోట మాత్రం నాలుగులోకి మారుతుంది. ఈ ఏడును సాధించడం మహాఘనకార్యమని వాళ్ళు చెప్పుకుంటారు. సరిగ్గా ఆ ఏడులోనే, మూడూ నాలుగుగా విరుచుకుని, గురజాడ అప్పారావుగారు విజయనగరంలో ఉంటూ 1910లో “ముత్యాల సరములు” రాశారు. పాదానికి 3+4, 3+4 చొప్పున పద్నాలుగు మాత్రలు. సంగీతంవారు దీన్నే మిశ్రచాపు అంటారు. మన లాక్షణికుల వృషభగతి రగడలోనూ ఉన్నది ఈ మూడూ నాలుగే. గురజాడవారు దాన్ని కురచ చేసి, యతిప్రాసల బిగింపు సడలించి, మాట్లాడుకునే తెలుగును అందులో నడిపించారు. పింక్ ఫ్లాయిడ్‌కు అరవై మూడేళ్ళ ముందు! ఆయన నివసించిన ఇల్లు నేటికీ మా ఊళ్ళో స్మారకంగా నిలిచి ఉన్నది. మా కుర్రవాళ్ళు ఏడు కోసం లండను దాకా చూస్తున్నారు.

వాదన సరే, ఉదాహరణ ఏదని శిష్యుడు అడిగాడు. అక్కడికక్కడే ఒక పాదం అల్లి చెప్పాను: “కడలి కెరటం విసిరి నవ్వెను.” కవిత్వమని చెప్పను. లెక్క చూడండి: కడలి మూడు, కెరటం నాలుగు, విసిరి మూడు, నవ్వెను నాలుగు. వాడు అరచేత్తో తొడమీద తట్టుకుంటూ నాలుగైదుసార్లు అనుకున్నాడు. పక్కనున్న డ్రమ్ములబ్బాయి కర్రలు తీశాడు. ఆ కుర్రవాడు రెండు చేతులతో, రెండు కాళ్ళతో నాలుగు వేర్వేరు పనులు చేస్తుంటే నాకు ఆదిభట్ల నారాయణదాసుగారు గుర్తుకు వచ్చారు. ఆయన రెండు చేతులా, రెండు పాదాలా, శిరస్సుతోనూ ఒకేసారి ఐదు తాళాలు నడిపేవారని ప్రసిద్ధి. పంచముఖి అనేవారు దాన్ని. ఈ సంగతి చెబితే ఆ అబ్బాయి తల కూడా ఊపడం మొదలుపెట్టాడు. ఇంకా కుదరలేదు.

గిటారు పరాయి వాద్యమనే పెద్దలకు కూడా ఒక మాట. ఫిడేలు ఎక్కడినుంచి వచ్చింది? విజయనగరంలో 1919లో సంగీత కళాశాల స్థాపించినప్పుడు దాసుగారు ప్రథమ అధ్యక్షులు. విద్యార్థిగా చేరవచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాదనం విని, ఆయనను ఆచార్యుడిగానే నియమించారని చెప్పుకుంటారు. ఆ ఫిడేలును ఈనాడు ఎవరైనా పరాయిది అంటున్నారా?

అయితే కుర్రవాళ్ళ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఇంగ్లీషు పాదం చాలాచోట్ల హల్లు మీద ఆగుతుంది, తలుపు మూసినట్టు. తెలుగు అజంతభాష, మాట చివర అచ్చు తెరుచుకుని ఉంటుంది, గాయకుడు దాన్ని సాగదీస్తాడు, సాగదీయగానే అది లలితగీతమైపోతుంది. దీనికి మందు కూడా భాషలోనే ఉంది. దెబ్బను పాదం చివర వెతకకూడదు, మాట నడుమ వెతకాలి. ఉప్పెన, రెక్క, గుండె, దెబ్బ: ద్విత్వానికీ బిందువుకూ ముందున్న అక్షరం గురువై గట్టిగా తగులుతుంది. డ్రమ్ము అక్కడ పడాలి.

అంతకన్న మంచి మందు మా ఉత్తరాంధ్ర పలుకు. చిత్రం మా పల్లెల్లో సిత్తరం అవుతుంది. సంయుక్తాక్షరం విడిపోయి, ద్విత్వం వచ్చి, పాటకు అనువుగా ముందే చెక్కి పెట్టినట్టుంటుంది. 2020లో “అల వైకుంఠపురములో” చిత్రంలోని “సిత్తరాల సిరపడు” పాటకూ, అదే ఏడాది “పలాస 1978” చిత్రంలోని “నక్కిలీసు గొలుసు” పాటకూ తెలుగువారంతా తాళం వేశారు గదా. ఈ పలుకు బీటులో కూర్చోదని ఇంకా ఎవరు అనగలరు? అయితే ఆ రెండూ సినిమా మోసుకొస్తేనే జనం దాకా వెళ్ళాయి. బాధ అంతా అక్కడే.

ఇరుగుపొరుగు భాషలవారు ఏం చేశారో చూడండి. కలకత్తాలో 1970లలోనే “మొహీనేర్ ఘొడాగులి” అనే బృందం బెంగాలీలో రాక్ పాడింది. తొలి రికార్డు 1977లో వచ్చింది. ఆ పేరు జీవనానంద దాస్ కవితలోనిది. ఆధునిక కవి కవితలోంచి పేరు తీసుకున్న రాక్ బృందం! ఒక్కసారి ఊహించుకోండి, శ్రీశ్రీ విశాఖవాడే గదా. కేరళలోని “అవియల్” బృందం 2008లో అదే పేరుతో తెచ్చిన ఆల్బం మలయాళం. కన్నడంలో రఘు దీక్షిత్ 19వ శతాబ్దపు శిశునాళ షరీఫుగారి తత్వాలను గిటారు మీద పాడి దేశాంతరాలు తిరిగాడు. అన్నిటికన్న సిగ్గుపడవలసిన సంగతి: బెంగుళూరులోని “అగం” బృందం త్యాగరాజస్వామి “మనవ్యాలకించరాదటే” కృతిని రాక్ పద్ధతిలో పాడితే తెలుగు రానివాళ్ళు కూడా తెలుగులో వంత పాడుతున్నారు. రెండువందల ఏళ్ళనాటి తెలుగు వాళ్ళ గిటార్లకు ఒదిగింది, నిన్నటి తెలుగు మన గిటార్లకు ఒదగదట.

మనవారిలో చేసినవాళ్ళు లేరని కాదు. హైదరాబాదులో చౌరస్తా బృందం “ఊరెళ్ళిపోత మామ” పాడితే ఊరు విడిచి వచ్చిన లక్షల మంది అది తమ మాట అనుకున్నారు. ఆ బృందంలోని రామ్ మిర్యాల తరవాత సినిమాకు వెళ్ళి, 2021లో “జాతిరత్నాలు”లో పాడి, 2022లో “డీజే టిల్లు” శీర్షికగీతం కట్టాడు. అతని ప్రతిభకు అది న్యాయమే. కాని సినిమాలోకి వెళ్ళేదాకా అతని పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఇక్కడ నా కోపం కుర్రవాళ్ళ మీదినుంచి మన మీదికి మళ్ళుతుంది. కచేరీలో సొంత పాట మొదలవగానే వెనకనుంచి “సినిమా పాట కొట్టండి” అని కేక వస్తుంది. ఆ రెండు పాటల సమయంలోనే జనం లేచి టీ తాగడానికి వెళతారు. ఒక నిర్వాహకుడైతే సొంత పాట పాడితే ఆ మేరకు డబ్బు తగ్గిస్తానని మొహం మీదే చెప్పాడట. సాధన గదికి అద్దె కట్టాలి, తీగలు తెగితే కొనాలి. వాళ్ళు పాపం సినిమా పాటలే వాయిస్తారు.

తెలుగువాడి చెవి ఎప్పుడూ ఇలాగే లేదు. శ్రీకాకుళం సీమలో నరసన్నపేట దగ్గర గోనెపాడులో పుట్టిన గరిమెళ్ళ సత్యనారాయణగారు తెల్లదొరతనం వద్దని పాట కడితే, సినిమా మాటలు నేర్వకముందే అది ఊరూరా తిరిగింది. దొరతనం ఆయనకు ఏడాది జైలు వేసింది. మా తరానికి రేడియో ఉండేది. 1963లో విశాఖ కేంద్రం వచ్చింది. ఆకాశవాణివారు “ఈ మాసపు పాట” అని నెలకొక కొత్త పాట వినిపించేవారు. ఆ పాటలకు కథానాయకుడు లేడు, నృత్యం లేదు. విన్నదే మళ్ళీ మళ్ళీ విని నేర్చుకుని బడిలో పిల్లలకు నేర్పినవాళ్ళం. ఇప్పటివాళ్ళు నెలకొక “సింగిల్” విడుదల చేస్తున్నామంటే నాకు కొత్తగా అనిపించదు.

వంగపండు ప్రసాదరావుగారి సంగతి ఇంకా దగ్గరిది. పార్వతీపురం ప్రాంతం పెదబొండపల్లిలో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో పనిచేసి, 1972లో గద్దర్‌తో కలిసి జననాట్యమండలి స్థాపించినవాడు. యంత్రం నడక మీద ఆయన పాట కట్టాడు. రాక్ సంగీతం కార్ఖానాల ఊళ్ళలో బలిసిందంటారు. మన కార్ఖానా ఊరు ఆ పనిని గిటారు లేకుండానే, గజ్జెలతో చేసింది. 2009లో ఒక భారీ చిత్రంలో తన “ఏం పిల్లడో” పాటలోని మాటలు అనుమతి లేకుండా వాడుకున్నారని ఆయన అభ్యంతరం చెప్పవలసివచ్చింది. 2020 ఆగస్టులో కన్నుమూశారు. ఆ పాటకు గంతులు వేసిన కుర్రవాణ్ణి ఎవరు రాశారని అడగండి, సినిమా పేరు చెబుతాడు. రాసినవాడి పేరు పాటతోపాటు నడవాలి. ఈ పిల్లల స్వతంత్రగీతాల్లో నాకు నచ్చే మొదటి సంగతి అదే. పాటెంత పచ్చిగా ఉన్నా కింద రాసినవాడి పేరుంటుంది.

మిత్రులను అడిగేది చిన్నది. మీ ఊళ్ళో ఇటువంటి కచేరీ జరిగితే వెళ్ళండి, సొంత పాట వచ్చినప్పుడు కూర్చోండి, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో వాళ్ళకే చెప్పండి. పొగడ్తకన్న వాళ్ళకు అది ఎక్కువ పనికి వస్తుంది. తెలుగులో విన్న మంచి స్వతంత్రగీతాలు మీకు తెలిసినవి ఉంటే వ్యాఖ్యల్లో పేర్లు రాయండి, వింటాను.

మా శిష్యుడి ఏడు మాత్రల పాట పల్లవి దాటింది. మంచు తీసేశాడు, జాలారిపేట, వలలు, తెల్లవారుజామున తిరిగివచ్చే తెప్పలు వచ్చాయి. రెండో చరణంలో ఒకచోట మాత్ర ఎక్కువైందని చెప్పాను. తీయడానికి వీల్లేదు మాస్టారూ, అది మా అమ్మ మాట, అన్నాడు. సరే, ఉండనీ అన్నాను, అక్కడ గిటారు ఒక మాత్ర ఆగితే సరిపోతుంది. డ్రమ్ములబ్బాయి వచ్చే నెలలో ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళిపోతున్నాడట. ఆలోపు రికార్డు చేయాలి.