సీనియర్ గారి మూట

మేడ్చల్ దారిలో కండ్లకోయ మొదలుకొని యింజనీరింగు కాలేజీలకు కొదవ లేదు. శామీర్‌పేట వైపు మళ్ళితే 2008లో వెలసిన బిట్స్ పిలానీ వారి ఆవరణ సరేసరి. ఈ ప్రాంతపు హాస్టళ్ళలో పరుపూ బకెట్టుతో పాటు సీనియర్ల నుంచి జూనియర్లకు సంక్రమించే ఆస్తి మరొకటి వున్నది: విమ్‌ఆర్‌సీ అనే దస్త్రం.

విమ్ అంటే ప్రోగ్రాములు రాసుకునే ఎడిటరు. బ్రామ్ మోలెనార్ అనే డచ్చి ఆయన 1991లో లోకానికిచ్చాడు, 2023లో కన్నుమూశాడు. వెల అడగలేదు, తోస్తే ఉగాండాలోని పిల్లలకు సాయం చెయ్యమన్నాడు. ఆ ఎడిటరు లేస్తూనే ఈ దస్త్రం చదివి, ఏ మీట నొక్కితే ఏం చెయ్యాలో తెలుసుకుంటుంది.

ఆ మధ్య వొక కుర్రవాడు తన దస్త్రం చూపించాడు. 1,200 వరుసలు!

"ఎవరు రాసిన్రు, తమ్మీ?"

"ఏమో సార్. మా సీనియర్ ఇచ్చిండు. ఆయనకు ఇంకో సీనియర్ ఇచ్చిండంట."

మర్నాడు లాబ్ పరీక్ష. పైథాన్‌లో ఏది రాసినా నడవడం లేదు. పైథాన్‌కు వరుస మొదట్లో వదిలే జాగాయే వ్యాకరణం. వొకచోట ఖాళీలూ, వొకచోట ట్యాబులూ కలగలిస్తే వొప్పుకోదు. మేక్‌ఫైలుకో, ట్యాబే కావాలి. వెనకటి మహానుభావుడెవరో తన మేక్‌ఫైలు కోసం ట్యాబులే వాడమని రాసి, ఆ ఆజ్ఞను సకల లోకానికీ వర్తింపజేశాడు. 'వెర్బోస్ సెట్' అని అడిగితే 412వ వరుస అని విమ్ తానే చెప్పేసింది.

చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని 10 పరిచ్ఛేదాలు చేశాడు. సంధి సంగతి సంధిలో, సమాసం సంగతి సమాసంలో. ఎక్కడా యిమడనివాటికి చివర ప్రకీర్ణకం. విమ్‌లోనూ ఆ సదుపాయం వున్నది. 'ఫైల్‌టైప్ ప్లగిన్ ఆన్' అని ముందు చెప్పి, ఎఫ్‌టీప్లగిన్ అనే సంచిలో 'మేక్.విమ్' పెడితే, మేక్‌ఫైలు తెరిచినప్పుడే దాన్ని చదువుతుంది. అందులో 'సెట్' అనకూడదు, 'సెట్‌లోకల్' అనాలి. లేకపోతే పొరుగింటికి పాకుతుంది. మీటల ఏర్పాట్లకు ప్లగిన్ సంచి. లీడర్ మీట ఏదో చెప్పే వరుస మాత్రం ముందుగా చదివే విమ్‌ఆర్‌సీలోనే వుండాలి. మీటలన్నీ ఏర్పడ్డాక చెబితే అవి మాట వినవు.

అరవై వరుసలకు నలభై దస్త్రాలు చేసేవాళ్ళూ వున్నారనుకోండి. వాళ్ళకేం చెప్పగలం!

పరీక్ష ముందు రాత్రి మూటంతా విప్పవద్దన్నాను. ఆ వొక్క వరుసనూ చోటు మార్చి, పాడైన పాఠాన్ని 'రీట్యాబ్'తో సరిచేసుకుని వెళ్ళాడు. సెలవుల్లో తీరిగ్గా కూర్చుని, ఎందుకున్నదో తాను చెప్పగలిగిన వరుసలే కొత్త దస్త్రాల్లోకి తెచ్చుకున్నాడు. లెక్కపెడితే 180 తేలాయి.