తప్పు నీళ్ళది, తిట్లు ఇల్లాలికి

గిన్నె అడుగున తెల్లగా పేరుకున్న పొరని చూసి ఇల్లాలి పనితనానికి మార్కులు వేసేవాళ్ళతో నాకు ఎప్పటినుంచో పేచీ. చుట్టపుచూపుగా వచ్చిన ఆడబడుచు బిందెలోకి తొంగి చూసి, "ఏమిటొదినా, సరిగ్గా తోమించడం లేదా?" అంటుంది. కందిపప్పు పలుకుగా ఉంటే అత్తగారు, "మా రోజుల్లో ఇలా ఉండేదా?" అంటారు. బట్టలు తెల్లబడకపోతే పనిమనిషి సబ్బు కాజేసిందేమోనని మనమే అనుమానిస్తాం. అందరిమీదా అనుమానమే, ఒక్క నీళ్ళమీద తప్ప!

అసలు జరిగేదేమిటి? వాననీరు నేలలోకి ఇంకుతూ దారిపొడుగునా కాల్షియం, మెగ్నీషియం లవణాలని కరిగించుకుంటుంది. బోరులోంచి పైకొచ్చేసరికి చూడ్డానికి అద్దంలాగే ఉంటుంది. పొయ్యిమీద కాగిందా, అందులో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు విడిపోయి సుద్దగా మారి అడుగున కూర్చుంటుంది. హీటరు కడ్డీకి, గీజరు లోపల పట్టే పెచ్చు కూడా అదే. ఆ నీళ్ళు సబ్బుతో కలిస్తే నురగకి బదులు జిడ్డుతెట్టు కడుతుంది. ఆ కాల్షియమే పప్పుగింజని బిగించేసి మెత్తబడనివ్వదు. ఇందులో కోడలి పనితనం ఎక్కడుందండీ?

మా పామిడిముక్కల చుట్టుపక్కల వాళ్ళకి నీళ్ళ సంగతి ఒకరు చెప్పాలా? వీరంకిలాకు అని ఊరి పేరులోనే కాలువ లాకు ఉంది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయింది. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. ఆ కాలువ నీళ్ళని ఊరి చెరువుకెక్కించుకుని, బిందెలో పటిక తిప్పో, ఇండుపగింజ అరగదీసో తేర్చుకుని తాగినవాళ్ళం. పటిక మట్టిని దించుతుందిగానీ సున్నాన్ని దించదు. అయినా ఏటినీళ్ళకి ఆ అవసరం అంతగా ఉండేది కాదు. వాటిని వడగట్టి, క్రిములు చావాలని మరగబెట్టుకుంటే సరిపోయేది. ఇప్పుడు చెరువు పూడిపోయినచోట బోరే దిక్కు. సముద్రంవైపు, అంటే బందరు, దివిసీమలకి వెళ్ళినకొద్దీ భూమిలోని నీళ్ళకి ఉప్పు కూడా తోడవుతుంది. బోరుకీ బోరుకీ తేడా. ఒక వీధిలో పప్పు ఉడుకుతుంది, పక్కవీధిలో కుక్కరు ఎన్ని కూతలు పెట్టినా ఉడకదు. మాట పడేది మాత్రం రెండో వీధి ఆడవాళ్ళు.

ఇక ఆ పొరని చూపించి, "అమ్మో, ఇదంతా మీ కడుపులోకే వెళ్తోంది!" అని బెదిరించి మిషన్లు అమ్మేవాళ్ళు మరో రకం. ఆ పొర విషం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యం పేరు చెప్పి నీటి కాఠిన్యానికి హద్దేమీ పెట్టలేదు. నీళ్ళలో ఉప్పు మితిమీరితే ఆర్‌వో మిషను కావాలి, కాదనను. కానీ ఇళ్ళలో పెట్టే వాటిలో చాలా మిషన్లు ఒక బిందె మంచినీళ్ళిచ్చి, అంతకు మించి తూములోకి వదిలేస్తాయి. పైగా స్నానానికీ బట్టలకీ వాడేవి మళ్ళీ ఆ బోరు నీళ్ళేనాయె!

పొర వదలాలంటే గిన్నెలో నీళ్ళుపోసి చెంచాడు నిమ్మఉప్పు వేసి కాచి, అరగంట ఉంచి తోమండి. మరుగుదొడ్డికి వాడే యాసిడ్ జోలికి మాత్రం పోకండి. అది స్టీలుని తినేస్తుంది. బ్లీచింగ్ పౌడరుతో కలిసిందంటే క్లోరిన్ వాయువు పుట్టి ప్రాణంమీదికి తెస్తుంది. గిన్నె తళతళలాడటానికి ఊపిరితిత్తులు తాకట్టు పెట్టక్కర్లేదు.

"ఓస్, గిన్నెమీది మరకకి ఇంత రాద్ధాంతమా?" అంటారేమో. పెచ్చు కట్టిన గిన్నె వేడెక్కడానికి గ్యాసు ఎక్కువ, నురగరాని నీళ్ళకి సబ్బు ఎక్కువ, తోమడానికి రెక్కల కష్టం ఎక్కువ. ఈ ఖర్చంతా ఏ పద్దులోనూ కనబడదు. కనబడేది మరకే, వినబడేది మాటే.

అందుకని నేననేది ఒకటే. నీళ్ళకి లెక్క అడుగుదాం. తాగేనీటి కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే దిక్కులేకపోతే 600 దాకా సర్దుకోవచ్చనీ మన దేశపు ప్రమాణమే చెబుతోంది. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్ళో అయిదుగురు ఆడవాళ్ళకి నీళ్ళు పరీక్షించడం నేర్పాలన్న ఏర్పాటు ఉంది. మీ ఊళ్ళో ఆ అయిదుగురూ ఎవరు? పరీక్ష పెట్టె ఎవరింటి అటకమీద ఉంది? ఏ బోరుకి ఎంత వచ్చింది? పంచాయతీ ఆఫీసు గోడమీద పన్నుబకాయిల పక్కనే ఆ అంకె కూడా రాయమనండి. చెరువు పూడిక ఎప్పుడు తీస్తారో ఆ కిందే రాయమనండి. నలుగురు ఆడవాళ్ళు కలిసివెళ్ళి అడిగితే సర్పంచిగారు కాదనలేరు. ఆ అంకె గోడెక్కేదాకా పప్పు ఉడకలేదని ఏ కోడల్నీ ఎవ్వరూ ఒక్కమాట అనడానికి వీల్లేదు.