శిల్పి పేరూ చెక్కండి

కొత్త సినిమా పైరసీ కాపీ బయటికొస్తే గగ్గోలు పెడతాం. పెట్టాల్సిందే. ఆళ్లగడ్డ శిల్పి సొంతంగా రూపుదిద్దిన విగ్రహాన్ని ఫొటో తీసుకెళ్లి, మరోచోట చౌకగా చెక్కించుకుంటే మాత్రం తప్పన్న ఆలోచనే రాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం శిల్పాన్నీ కళాకృతిగానే గుర్తించింది. ఆగమాలు చెప్పిన దేవతా లక్షణాలు అందరివీ. వాటిలో శిల్పి సొంతంగా పలికించిన రూపం అతనిది. ఆ హక్కు అతని జీవితకాలం, ఆపై 60 ఏళ్లు ఉంటుంది.

ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు దక్కడం సంతోషమే. అయితే అది ఊరి పేరుకు రక్ష. ఒక్కో శిల్పి ఊహకు రక్ష కాపీరైటే. హక్కులు అమ్ముకున్నా, కృతి తనదని చెప్పుకునే అధికారం చట్టంలోని 57వ సెక్షన్ కింద అతనికి మిగులుతుంది. ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్‌లోని తన కంచు కుడ్యశిల్పాన్ని తొలగించి పాడుచేశారని పోరాడిన శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కు 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని, శిల్పాన్ని తిరిగివ్వాలని 2005లో ఢిల్లీ హైకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. రోజంతా రాతిపొడి పీల్చే మన శిల్పికి ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగే స్తోమత ఎక్కడిది?

కూడళ్లలో విగ్రహాలు పెడితే ఫలకంపై ఆవిష్కర్తల పేర్లుంటాయి, దాతల పేర్లుంటాయి. చెక్కినవాడి పేరు చాలాచోట్ల ఉండదు. ఇది అన్యాయం. ఆళ్లగడ్డ ఉన్న నంద్యాల జిల్లాలోని మున్సిపాలిటీలు, దేవస్థానాలు ఇకపై ఆర్డరు పత్రంలోనే రెండు షరతులు రాయాలి: పీఠంపై శిల్పి పేరు ఉండాలి, అదే నమూనాను మళ్లీ చెక్కిస్తే అతని అనుమతి తీసుకుని రుసుము చెల్లించాలి.