టైడా తేమలో పాయింట్ 22

అనంతగిరి కొండల్లోని టైడా లాంటి చోట పాయింట్ 22 రిమ్‌ఫైర్ రైఫిల్‌కు తొలి శత్రువు తుప్పు. వానాకాలమంతా గాలి తడితడిగానే ఉంటుంది. గుడ్డ సంచిలో చుట్టి గోడకు ఆనించిన తుపాకీ ఆ చెమ్మనంతా పీల్చుకుంటుంది. రిమ్‌ఫైర్ తూటాలో మందును రాజేసే రసాయనం అడుగు అంచులోనే ఉంటుంది. తూటా చవకే, మసి మాత్రం ఎక్కువ. ఎన్‌సీసీ క్యాడెట్లు వాడే బోల్ట్ రైఫిల్ ఆ మసిని కొంత ఓర్చుకుంటుంది. పేలుడు ఒత్తిడితోనే బోల్టు వెనక్కి నడిచే సెమీ ఆటోమేటిక్‌కు ఆ ఓపిక లేదు: బోల్టు ముఖం మీద, మ్యాగజైన్ అంచుల్లో మసి పేరుకుంటే తూటా ఇరుక్కుంటుంది. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందని కళ్లారా చూశాకే శుభ్రం చేయడం మొదలుపెట్టాలి. పుల్‌త్రూ తాడుకు గుడ్డపేలిక కట్టి ఛాంబర్ వైపు నుంచి మూతి వైపు లాగాలి. గొట్టం మూతి అరిగితే గురి చెడుతుంది. నూనె పలుచగా పూస్తే చాలు, ఎక్కువైతే మసి ముద్దకడుతుంది. ఇదంతా వదిలేసి ఖరీదైన స్కోపు కొనడం డబ్బు దండగ. భుజానికి పట్టీ, ఇంకో మ్యాగజైన్ ఉంటే సరిపోతుంది. సైలెన్సర్ ఊసే వద్దు. 1959 ఆయుధాల చట్టం శబ్దం తగ్గించే పరికరాన్నీ తుపాకీ కిందే లెక్కకడుతుంది.