కొన్న ప్రాజెక్టు వద్దు.. ఉచిత డేటా ఉంది!

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఇప్పుడు రేటు ఎంత నడుస్తోంది? కోడ్, రిపోర్టు, పీపీటీ అన్నీ కలిపి ప్యాకేజీగా ఇచ్చే షాపులు ఎక్కడున్నాయో శాలిబండ కుర్రాడికీ తెలుసు, చాంద్రాయణగుట్ట అమ్మాయికీ తెలుసు. నాకూ తెలుసు. ఎందుకంటే నేనూ ఒకటి కొన్నాను. మొదటి ఇంటర్వ్యూలో ‘ఈ డేటా ఎక్కడిది?’ అని అడిగారు. నోట మాట రాలేదు. డబ్బూ పోయింది, ఉద్యోగమూ పోయింది.

అందుకే ఈసారి ఒక్కటే చెప్తాను. పేరున్న ల్యాబుల్లో శాస్త్రవేత్తలు వాడే అసలు డేటా మీ ల్యాప్‌టాప్‌కు ఉచితంగా దొరుకుతోంది. దాంతో మీ ప్రాజెక్టు మీరే చేసుకోండి. మన బ్రాంచి కంప్యూటర్స్ కదా, బయాలజీతో మనకేం పని అనుకోవద్దు. జన్యు సమాచారం కంప్యూటర్‌కు ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాల పొడవాటి వరస మాత్రమే. స్ట్రింగులతో కుస్తీ పట్టిన మీకు అది కొత్తేం కాదు.

ఈ వరసలను దాచిపెట్టే పెద్ద ఖజానా జెన్‌బ్యాంక్. 1982లో అమెరికాలో మొదలైంది. యూరప్‌లో, జపాన్‌లో ఇలాంటివే ఉన్నాయి. మూడూ రోజూ డేటా ఇచ్చిపుచ్చుకుంటాయి. చూడటానికి, దించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

ఇలా పంచుకుంటే ఏమవుతుందో 2020లో కళ్లారా చూశాం. జనవరి 11న చైనా శాస్త్రవేత్తల బృందం సేకరించిన కరోనా వైరస్ జన్యుక్రమం బయటికొచ్చింది. రెండు రోజుల్లో, అంటే జనవరి 13కల్లా, మోడెర్నా తన టీకా డిజైన్ ఖరారు చేసుకుంది. వైరస్ నమూనా విమానంలో రావాల్సిన పని పడలేదు. ఫైలు వస్తే సరిపోయింది.

మన ఊళ్లోనూ అదే జరిగింది. హబ్సిగూడలోని సీసీఎంబీ, దిల్లీలోని ఐజీఐబీ శాస్త్రవేత్తలు అందరికీ అందుబాటులో ఉన్న జన్యుక్రమాలను పోల్చి చూశారు. దేశంలో వైరస్‌ది ఒక ప్రత్యేక గుంపు ఉందని 2020 జూన్ నాటికి తేల్చారు. దానికి ఎ3ఐ అని పేరు పెట్టారు. అప్పటికి పబ్లిక్‌గా ఉన్న భారత జన్యుక్రమాల్లో 41 శాతం ఆ గుంపువే. ఎవరో ఒకరు తమ డేటాను తాళం వేసి దాచుకుని ఉంటే ఈ లెక్క తేలేదే కాదు.

చార్మినార్ నుంచి హబ్సిగూడ వెళ్లాలంటే ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్స్‌లో మారాలి. అక్కడికి వెళ్లినా ల్యాబ్ లోపలికి మనల్ని ఊరికే రానివ్వరు. కానీ అక్కడివాళ్లు వాడే డేటాకు మాత్రం గేటు లేదు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఎన్‌సీబీఐ సైట్‌లో ఎంఎన్ 908947 అనే నంబర్ వెతకండి. అదే ఆ తొలి కరోనా జన్యుక్రమం. ఫాస్టా ఫైలు దించుకుని పైథాన్‌తో అక్షరాలు లెక్కపెట్టండి. 29,903 రావాలి. చివర్లో వరసగా ‘ఎ’లే ఎందుకున్నాయి? కరోనాది ఆర్ఎన్ఏ కదా, మరి ‘యు’ ఉండాల్సిన చోట ‘టి’ ఎందుకుంది? జవాబులు వెతికి రాసుకోండి. తర్వాత ఒమిక్రాన్ క్రమం ఒకటి తెచ్చి రెండింటికీ తేడాలు తీయండి. ఇంటర్వ్యూలో ‘డేటా ఎక్కడిది?’ అంటే నంబర్‌తో సహా చెప్పగలుగుతారు.

అయితే ఉచితం అంటే ఇష్టారాజ్యం కాదు. కరోనా డేటాకు పేరుపడ్డ గిసైడ్‌లో ముందు రిజిస్టర్ కావాలి, డేటా ఇచ్చిన ల్యాబుల పేర్లు చెప్పాలి. ఇది న్యాయమే. నమూనా సేకరించినవాళ్ల కష్టం ఒకరిది, పేరు ఇంకొకరిది కాకూడదు. జెన్‌బ్యాంక్ నుంచి తీసుకున్నా సరే, రిపోర్టులో నంబర్, మూలం రాయండి.

మనుషుల జన్యుక్రమాల సంగతి ఇంకా వేరు. జీనోమ్ఇండియా ప్రాజెక్టులో సీసీఎంబీ సహా 20 సంస్థలు సుమారు 10 వేల మంది భారతీయుల జన్యుక్రమాలను సిద్ధం చేశాయి. 2025 జనవరిలో ఆ డేటాను పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. అది ఫరీదాబాద్‌లోని జాతీయ డేటా సెంటర్‌లో ఉంది. దరఖాస్తు చేసుకుని అనుమతి పొందితేనే ఇస్తారు. వైరస్‌కు పరువు, ప్రైవసీ ఉండవు, మనిషికి ఉంటాయి. ఒకరి జన్యువుల్లో తోబుట్టువుల, పిల్లల సంగతులు కూడా ఉంటాయి. ఏది తెరిచి ఉంచాలో, ఏది కాపాడాలో తెలియడం కూడా డేటా ఉద్యోగంలో భాగమే.

ఉన్నమాట కూడా చెప్పాలి. బయోఇన్ఫర్మేటిక్స్‌లో సాఫ్ట్‌వేర్ అన్ని కొలువులు లేవు. పరిశోధన పోస్టులకు సాధారణంగా ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ అడుగుతారు. ఒక్క ప్రాజెక్టుతో ఆఫర్ లెటర్ వచ్చేస్తుందని నేను అనను. కానీ చిందరవందరగా ఉన్న డేటాను శుభ్రం చేయడం, పోల్చడం, లెక్క తప్పితే ఎందుకు తప్పిందో వెతకడం ఏ కంపెనీకైనా కావాలి.

కాలేజీలకూ ఒక మాట. ఏటా అవే టైటిళ్లకు సంతకాలు పెట్టే బదులు ‘మీ డేటా ఎక్కడిది?’ అని వైవాలో అడగండి. ఆ ఒక్క ప్రశ్న చాలు, షాపుల గిరాకీ తగ్గుతుంది.

మీరు మాత్రం కాలేజీ మారేదాకా ఆగొద్దు. ఎవరో తెలియని శాస్త్రవేత్తలు మీ కోసం కూడా తలుపు తెరిచి పెట్టారు. వెళ్లి చూడటమే మిగిలింది.