హక్కు మనదే... రిజిస్ట్రేషన్ ఏదీ?

మా పెళ్లి నాడు రిజిస్ట్రేషన్ ఊసే లేదు. మూడు ముళ్లు, ఏడడుగులు, అంతే. తర్వాత మా ఆవిడకు హెచ్-4 వీసా కావాల్సి వచ్చినప్పుడు సర్టిఫికెట్ కోసం రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగాం. పెళ్లి ఆ కాగితంతో జరగలేదు. కానీ కాన్సులేట్‌లో ఆ కాగితం లేనిదే పెళ్లి లేదు. అమెరికాలో కాపీరైట్ సంగతీ ఇంతేనని నాకు ఆలస్యంగా తెలిసింది.

వారాంతపు తెలుగు బడి పిల్లల కోసం ఆరేళ్ల కిందట పాఠాలు, గుణింతాల ఆటలు తయారుచేసి వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టాను. అడుగున నా పేరు, సంవత్సరం, కాపీరైట్ గుర్తు. రెండేళ్ల కిందట అవే పాఠాలు, నా అచ్చుతప్పులతో సహా, ఒక ట్యూషన్ సంస్థ ఫీజు తీసుకునే కోర్సులో కనిపించాయి. లాయరు అడిగిన మొదటి ప్రశ్న: "రిజిస్ట్రేషన్ నంబరెంత?"

ఇక్కడి 1976 చట్టం ప్రకారం, రాసిపెట్టిన క్షణమే హక్కు పుడుతుంది. పేటెంట్ అలా కాదు. అది మన పొలం రిజిస్ట్రేషన్ లాంటిది, ప్రభుత్వం మంజూరు చేస్తేనే హక్కు. కాపీరైట్‌లో ప్రభుత్వం సాక్షి మాత్రమే. అయినా అమెరికాలో తొలిసారి ప్రచురించిన రచన మీద దావా వేయాలంటే ఆ సాక్షి సంతకం కావాలి. దరఖాస్తు పెడితే చాలదు, కాపీరైట్ ఆఫీసు నమోదు చేయడమో, తిరస్కరించడమో జరగాలని 2019లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. అవే పాఠాలు ముందుగా విజయవాడలో పుస్తకంగా వచ్చి ఉంటే బెర్న్ ఒప్పందం పుణ్యాన ఈ షరతు వర్తించేది కాదు!

అసలు దెబ్బ వేరే ఉంది. నష్టం నిరూపించకుండానే చట్టం ఇచ్చే పరిహారం ఒక్కో రచనకు 750 నుంచి 30,000 డాలర్లు, కావాలని కాపీ కొడితే 1,50,000 దాకా. దాంతోపాటు లాయరు ఫీజు. ఇవి కాపీ మొదలయ్యేలోపు, లేదా ప్రచురించిన 3 నెలల్లో, నమోదు చేసుకున్నవారికే. ఉచితంగా పంచిన నాకు నష్టం సున్నా. వాళ్ల లాభంలో నా వాటా తేల్చాలంటే లాయరు ఖర్చే అంతకు మించుతుంది.

నమోదు వద్దని నేననను. ఏది ఎవరిదో చెప్పే బహిరంగ రికార్డు ఉండాల్సిందే. కానీ పెద్ద కంపెనీల్లో ఆ పని చూసే లాయర్లుంటారు. ఆదివారం పాఠం చెప్పే వాలంటీరుకు ఎవరున్నారు? చిన్న తగాదాల కోసం 2022లో కాపీరైట్ క్లెయిమ్స్ బోర్డు వచ్చింది. ఆలస్యంగా నమోదు చేసినా అక్కడ ఒక్కో రచనకు 7,500 డాలర్ల దాకా అడగొచ్చు. అయితే అవతలివారు 60 రోజుల్లో "మేం రాం" అని తప్పుకోవచ్చు. మావాళ్లు తప్పుకున్నారు. చివరికి లాయరు నోటీసుతో పాఠాలు తీసేశారు, వసూలు చేసిన ఫీజులు వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఆలస్యంగా నమోదు చేసినవాడికి పెద్ద పరిహారం ఇవ్వకపోయినా, గెలిస్తే లాయరు ఫీజైనా ఇప్పించాలన్నది నా వాదన.

ఇప్పుడు మా బడి కొత్త వాచకం అచ్చుకు సిద్ధమైంది. ఆరుగురం రాశాం. జీతానికి పనిచేసేవాళ్లం కాదు గనుక, సంతకం పెట్టి రాసిస్తే తప్ప హక్కు బడికి చెందదు. ఫీజు 65 డాలర్లే. ఫారంలో ఎవరి పేరు రాయాలన్నదానిపై పోయిన ఆదివారం రెండు గంటలు వాదించుకున్నాం. ఇంకా తేలలేదు.